గోడ పడితే చప్పట్లు కొట్టిన అత్త

ఆవిడ పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను మోకాళ్ళ లోతు అడుసులో ఉన్నాను. తోటలోకి కొత్తగా వచ్చిన దంపతులకి గది కట్టడం మొదలుపెట్టాం. ఆ గోడలకి మట్టి తొక్కుతున్నాను. గట్టు మీద, గడ్డిమోపు పక్కన ఫోను ఆగకుండా మోగుతోంది. మట్టి చేతుల్తో ఎత్తలేక మోచేత్తో ఎలాగో నొక్కాను.

"అమ్మా, అక్క వెళ్ళిపోయిందమ్మా." పలాస నుంచి ఆవిడ తమ్ముడి గొంతు. కంటి పరీక్షకని ఆ వారమే ఆవిడ తమ్ముడింటికి వెళ్ళింది. "పొద్దున్న కాఫీ తాగుతూ తాగుతూనే. గ్లాసు చేతిలోంచి జారలేదు కూడా."

ఫోను ఆగిపోయాక మళ్ళీ తొక్కడం మొదలుపెట్టాను. మెల్లగా కాదు, గంతులేస్తూ, అడుసు మొహం మీదకి చిందేలా. మా ఆయన పరుగున వచ్చాడు. "అత్త పోయింది," అన్నాను, కాళ్ళు ఆపకుండానే. ఆయన చెప్పులు విప్పి గుంటలోకి దిగాడు. ఆ గుంట పూర్తయ్యాకే ఇద్దరం కాళ్ళు కడుక్కుని పలాస బయల్దేరాం.

పూండి స్టేషను నుంచి సముద్రం వైపు వెళ్ళే దారిలో, జీడితోటల మధ్య ఉంది మా తోట. ఒకప్పుడు అది కొబ్బరితోట. తుఫానుకి చెట్లన్నీ ఒరిగిపోతే సొంతదారు విసిగిపోయి అమ్మేశాడు. విశాఖలో ఉద్యోగాలు మానుకున్న నాలుగు కుటుంబాల వాళ్ళం కలిసి కొన్నాం. పెర్మాకల్చర్ అనే మాట పట్టుకుని వచ్చాం. నేలని దున్నకుండా ఆకులతో కప్పడం, వాననీటిని తోట దాటనివ్వకపోవడం, స్నానాల నీళ్ళు అరటి పాదుకి మళ్ళించడం, ఇళ్ళు మట్టితోనే కట్టుకోవడం. ఊళ్ళోవాళ్ళు మాకు 'మట్టోళ్ళు' అని పేరు పెట్టారు. మొదట్లో అది వెక్కిరింపే.

అత్త జీవితచరిత్ర నాకు పెద్దగా తెలియదు. పంతుళ్ళ ఇంట పుట్టింది, పెళ్ళి చేసుకోలేదు, టెక్కలిలో ఏదో ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరయింది. ఆఫీసు కౌంటరు దగ్గర పల్లెలవాళ్ళతో ఏళ్ళ తరబడి మాట్లాడడం వల్ల కాబోలు, సంబరం వచ్చినా కోపం వచ్చినా ఆవిడ మాట ఇట్టే పల్లెలోకి దిగిపోయేది. సంబరమే ఎక్కువ వచ్చేది.

మొదటిసారి ఒక ఆదివారం గొడుగు, టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చింది. కొత్తవాళ్ళకి తోట చూపించి, మట్టి గురించి చెప్పే రోజది. మా ఆయన గాజు సీసాలో మట్టి, నీళ్ళు పోసి కుదిపి, "ఇది రాత్రంతా కదపకుండా పెడితే ఇసక అడుగున, బంకమట్టి పైన తేరుకుంటాయి. ఏది ఎంతుందో తెలుస్తుంది," అని చెబుతున్నాడు. ఈవిడ ఆగలేదు. వంగి చిటికెడు మట్టి తీసి నోట్లో వేసుకుంది. అందరూ కంగారుపడ్డారు. ఆవిడ కళ్ళు మూసుకుని నమిలి, "మంచి బంక! గోడకి దీన్ని మించింది లేదు!" అని తేల్చేసింది.

మర్నాడు చూస్తే సీసాలో మూడొంతులు ఇసకే. సముద్రపొడ్డు ఉద్దానం నేల కదా, ఇంకేముంటుంది? సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతానన్న మనిషి ఆ సీసా కోసమే రాత్రి మా దగ్గర ఉండిపోయింది. పొద్దున్నే సీసా పైకెత్తి ఎండలో చూసి, రెండు చేతుల్తో తొడలు చరుచుకుని, మునివేళ్ళ మీద లేచింది.

"ఓలమ్మో! నా నాలిక అబద్ధం ఆడీసింది! సూడే పిల్లా, ఎంత అబద్ధమో!"

అంత ఆనందంగా తప్పు ఒప్పుకున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఆ రోజంతా తోటలో మూలమూలా తిరిగి మట్టి రుచి చూసింది. నాలికకి చదువు చెబుతున్నానంది. మరుసటి వారం ట్రంకుపెట్టెతో వచ్చేసింది. "ఉంటాను. పొమ్మంటే పోతాను. కానీ పొమ్మనకండి," అంది. తోటలో అందరికీ ఆవిడ అత్త అయిపోయింది.

ఆవిడ "ఓలమ్మో, ఇటు రండి!" అని అరిస్తే మొదట్లో పామనుకుని కర్రలు పట్టుకుని పరిగెత్తేవాళ్ళం. వెళ్తే అక్కడ వానపాము ఉండేది. లేకపోతే కుళ్ళిన జీడిమొద్దు మీద పుట్టగొడుగులు. లేకపోతే గింజని నెత్తిన మోసుకుంటూ నేల చీల్చుకొచ్చిన జీడిమొలక. "మొన్నటిదాకా ఇక్కడ వట్టి ఇసకే కదే! ఆకు కప్పితే వానపాము ఒచ్చీసింది! దీనికి ఎవరు కబురెట్టారంటావు?" అని నా చెయ్యి పట్టుకుని ఊపేసేది. పాము కాదని తెలిశాక కూడా మేం పరుగు మానలేదు. వెళ్ళకపోతే ఏదో పోగొట్టుకుంటామనిపించేది.

మా ఆయనకి మాత్రం ఆవిడతో రోజూ తగువే. ఆయన ప్రతి పాదుకీ కొలతలు వేసి పటం గీసుకునేవాడు. ఆవిడ చేతిలో ఏ విత్తనం ఉంటే అది, కాలు ఎక్కడ ఆగితే అక్కడ పెట్టేసేది. మొదలుపెట్టిన పని సగంలో వదిలేసి ఇంకోదానికి పోయేది.

"అత్తా, అది దారి. దారి మధ్యలో ఆనప పాదేమిటి?" అని ఒకరోజు ఆయన కేకలేశాడు.

"దారి పక్కకి జరుగుతుంది నాయనా. ఆనప జరగలేదు కదా!"

ఆయన మూడురోజులు మాట్లాడలేదు. నాలుగోరోజు పార తీసుకుని దారిని పక్కకి జరిపాడు.

మట్టి తొక్కడం ఆవిడకి పండగ. మా ఇసక నేలలో గోడకి పనికొచ్చే బంక లేదు కాబట్టి చెరువు మట్టి ట్రాక్టరు మీద తెప్పించి, గుంటలో నానబెట్టి, గడ్డి కలిపి తొక్కుతాం. మేం కష్టపడి తొక్కేవాళ్ళం. ఆవిడ చీర ఎగదోపి, గంతులు వేస్తూ తొక్కేది. అవి తప్పెటగుళ్ళ అడుగులు. మావైపు గుండెల మీద రేకు తప్పెట కట్టుకుని, దాన్ని వాయిస్తూ, ఎగురుతూ పాడతారు కదా, ఆ ఆట. చిన్నప్పుడు కిటికీలోంచి చూడ్డమే తప్ప వీధిలోకి వెళ్ళనిచ్చేవారు కాదట.

"పంతులుగారి పిల్ల గెంతకూడదన్నారే. ఇప్పుడు గెంతితే ఎవడాపుతాడు? మట్టి తొక్కుతన్నాను, పని సేత్తన్నాను!"

మా పక్కతోట రైతు జీడిచెట్ల మీద బతికే మనిషి. మా మట్టి గోడల్ని చూసి ముందు నుంచీ నవ్వేవాడు. ఒకరోజు కంచె అవతల నిలబడి చాలాసేపు చూసి, ఇక ఉండబట్టలేక, "అప్పా, ఆ అడుగు తప్పు," అన్నాడు. అప్ప అంటే మావైపు అక్క.

"అయితే ఎలాగో సూపించు!"

వయసులో ఉన్నప్పుడు అతను తప్పెటగుళ్ళ జట్టులో ఆడేవాడట. కంచె అవతలే రెండు అడుగులు వేసి చూపించాడు. "కనపడలేదు, ఇటొచ్చి సూపించు," అంది ఆవిడ. అతను కంచె దాటాడు. లుంగీ ఎగ్గట్టి గుంటలో దిగాడు. ఇక అప్పట్నుంచి మేం మట్టి నానబెట్టినప్పుడల్లా, అడుగు దిద్దాలన్న వంకతో అతను వచ్చేవాడు.

ఆవిడ తనకంటూ ఒక గుండ్రటి ఇల్లు మొదలుపెట్టింది. ఒక వరస మట్టి పెట్టాక అది ఆరేదాకా ఆగి, ఆపైన ఇంకో వరస పెట్టాలి. ఆగడం ఆవిడ ఒంట్లో లేదు. మా ఆయన వద్దంటున్నా గబగబా ఛాతీ ఎత్తుకి లేపేసింది. ఒక మధ్యాహ్నం మేమందరం చూస్తుండగానే గోడ మెల్లగా ఉబ్బి, వంగి, చతికిలబడింది. అన్ని రోజుల చాకిరీ కళ్ళముందు కుప్పయింది.

ఆవిడ చప్పట్లు కొట్టింది.

"పడిపోనాది! సూసారా ఎలా పడిపోనాదో? ముందు కడుపు ఉబ్బింది, ఆపైన మోకాళ్ళు మడిచీసింది! కింద వరస ఆరలేదన్నమాట!" ఆ కుప్ప చుట్టూ తిరుగుతూ పగుళ్ళలో వేళ్ళు పెట్టి చూసింది. "ఇదే సిమెంటు గోడయితే పనికిరాని పెళ్ళలు మిగులుతాయి. ఇది మట్టే కదా. నీళ్ళు పోసి మళ్ళీ తొక్కుదాం, రండి."

గోడ పడిపోవడం మీద ఇంత ఆసక్తేమిటా అనుకునేదాన్ని. కారణం ఆవిడ తమ్ముడి నోట విన్నాను.

ఆయన పలాసలో హెడ్మాస్టరు చేసి రిటైరయ్యారు. నెలకోసారి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో వచ్చి, వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. అక్క ఇంట్లోకి అడుగుపెట్టేవారు కాదు. గోడని వేలితో కూడా తాకేవారు కాదు. "నీకో గది ఉంచాను, వచ్చీ అక్కా. ఈ పుట్టలో నీకేటి పని?" అని ప్రతిసారీ అడిగేవారు. ఆవిడేమో, "పుట్టేరా! చెదలు ఎంత బాగా కడతాయో చూశావేటి ఎప్పుడైనా?" అని మాట మార్చేసేది.

ఒకసారి నేను మంచినీళ్ళిస్తుంటే గొంతు తగ్గించి చెప్పారు. "అమ్మా, మా చిన్నప్పటి ఇల్లు మట్టి గోడల ఇల్లు. తుఫాను వానకి గోడ కూలి మా నాన్నమ్మ దాని కింద పోయింది. నేను నాలుగేళ్ళవాణ్ణి. అక్కకి పదేళ్ళు. ఇద్దరం చూశాం. అలాటిది ఏరికోరి వచ్చి మళ్ళీ మట్టి గోడల మధ్య ఎలా పడుకుంటోందో నాకు అర్థం కాదు."

ఆవిడ్నే అడిగాను. ఎప్పుడూ చేతులు ఊపుతూ మాట్లాడే మనిషి ఆ ఒక్కసారి చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"మా వీధిలో అన్నీ మట్టిళ్ళే పిల్లా. అంత వానకీ మిగతావన్నీ నిలబడ్డాయి. మాది ఒక్కటే పడింది. ఎందుకు పడిందో ఎవరూ చెప్పలేదు. రాత అన్నారు. నేను రాతని ఒప్పుకోలేదు. తెలుసుకోవాలి."

ఆవిడ ఇల్లు రెండోసారి నిలబడింది. నునుపుగా, గుండ్రంగా, కుండలా ఉండేది. తాటాకు కప్పు వేసేటప్పుడు మాత్రం మా ఆయనతో మళ్ళీ గొడవ. చూరు బాగా ముందుకి, కిందకి దింపాలంటాడు ఆయన. "గుహలా చీకటిగా ఉంటుంది. మంచం మీంచి నాకు ఆకాశం కనపడాలి," అని ఆవిడ చూరు పొట్టిగా కోయించేసింది.

ఆ ఏడాదే తుఫాను వచ్చింది. ముందురోజు మధ్యాహ్నం ఆటోలో మైకు పెట్టి అందర్నీ షెల్టరుకి పొమ్మన్నారు. తమ్ముడు ఫోను మీద ఫోను. "అక్కా, నీకు దండం పెడతాను, ఆ ఇంట్లో ఉండకు!" ఆవిడ మొండికేస్తుందేమోనని భయపడ్డాను గానీ, గోడని ఒకసారి అరచేత్తో తట్టి, "నువ్వు ఉండు, నేను వచ్చేస్తాను," అని మాతో బయల్దేరింది.

తెల్లారి గాలి తగ్గాక బయటికి వస్తే దారి లేదు. కొబ్బరిచెట్లు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. దారిలో పక్కతోట రైతు కనిపించాడు. వేళ్ళతో సహా లేచిపోయిన జీడిచెట్టు మొదట్లో కూర్చుని ఉన్నాడు.

"పోనాది అప్పా. తోటంతా పోనాది. మా అయ్య ఏసిన సెట్లు," అన్నాడు.

ఆవిడ తన ఇల్లు చూడ్డానికి అంగలేస్తూ వస్తున్న మనిషి. అక్కడే ఆగిపోయింది. అతని పక్కన తడినేల మీద కూర్చుంది. చాలాసేపయ్యాక అతనే కళ్ళు తుడుచుకుని, "పద అప్పా, నీ పుట్ట ఉందో పోనాదో సూద్దాం," అని లేచాడు.

ఇల్లు ఉంది. కప్పు సగం లేచిపోయింది కానీ గోడలు నిలబడి ఉన్నాయి. సముద్రం వైపు మాత్రం గోడ అడుగున ఎవరో కొరికేసినట్టు లోపలికి తినేసి ఉంది. మేమంతా నిలబడ్డ గోడల్నే చూస్తున్నాం. ఆవిడ ఆ తినేసిన చోట మోకాళ్ళ మీద కూర్చుని, వేళ్ళతో తడుముతూ, తలెత్తి చూరు వైపు చూసింది. మళ్ళీ కిందకి చూసింది. మళ్ళీ పైకి.

సరిగ్గా అప్పుడే తమ్ముడు వచ్చారు. బస్సుల్లేవు. ఎవరి మోటారుసైకిల్ మీదో కొంతదూరం వచ్చి, మిగతాది చెట్లు ఎక్కి దిగుతూ నడిచారట. తెల్లచొక్కా చిరిగిపోయింది, కాళ్ళకి చెప్పుల్లేవు. "అక్కా!" అని ఒక్క కేక.

"ఒరేయ్! తెలిసింది!" ఆవిడ అక్కడ్నుంచే అరిచింది. "ఇలా రా! తెలిసిపోనాది! సూరురా, సూరు! పొట్టి సూరు మీంచి జారిన నీళ్ళన్నీ గోడ మొదట్లోనే పడ్డాయి. మొదలు నానిపోయి తినీసింది. మన ఇంట్లో ఏటి సేసారు? మన మేనత్త పెళ్ళి పందిరికి అడ్డమొచ్చిందని ఆ వేసంగిలోనే వీధి వైపు సూరు కోసీసారు! మళ్ళీ వెయ్యలేదు! గుర్తుందేటి నీకు?"

ఆయన నిలబడిపోయారు.

"వీధి వైపా?"

"వీధి వైపేరా! పడింది వీధి గోడే కదా!"

"పెరటి గోడ కాదా?"

"పెరటి గోడకి ఏటీ కాలేదు. నిన్ను మావయ్యింటికి పంపీసారు గానీ, ఆ తరవాత ఏళ్ళ తరబడి దాని పక్కనే వంట చేసింది అమ్మ."

ఆయన ఉన్నచోటే, బురదలో కూర్చుండిపోయారు. "నేను బొమ్మలు చేసుకోడానికి పెరటి గోడలోంచి మట్టి గీకేవాణ్ణక్కా. పుల్లతో. రోజూ. ఇంత కన్నం చేశాను. నాన్నమ్మ ఒకసారి తిట్టింది కూడా. అందుకే పడిందనుకున్నాను." ఊపిరి పీల్చుకుని మళ్ళీ అన్నారు. "ఇన్నాళ్ళూ నేనే అనుకున్నాను."

ఇంతమంది పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి అంతకాలం మోస్తూ వచ్చింది అది. గోడని ఎందుకు ముట్టుకోరో నాకు అప్పుడు తెలిసింది. ఆవిడకి కూడా అప్పుడే తెలిసింది. గబగబా వచ్చి ఆయన తలని పొట్టకి అదుముకుంది. చేతుల మట్టి ఆయన జుట్టునిండా అంటుకుంది.

"ఎర్రి నాయనా, నువ్వు గీకిన మట్టికి గోడ పడతాదేటిరా? బొమ్మ ఎంతుంటాది, గోడ ఎంతుంటాది? నాతో ఒక్కసారి అంటే ఆరోజే సెప్పీసేదాన్ని కదరా."

ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది కూడా. ఆయన కూడా అలాగే ఉన్నారు. పక్కతోట రైతు మొహం తిప్పుకుని తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. కాసేపటికి తమ్ముడు లేచి, గోడ దగ్గరికి వెళ్ళి, అరచేయి ఆనించారు. అలాగే ఉంచారు.

ఆవిడ తన ఇంటి జోలికి వెంటనే వెళ్ళలేదు. ముందు పక్కతోటలో పడ్డ చెట్లు కోసి, నిలబెట్టగలిగినవాటిని తాళ్ళతో లేపి, మొదళ్ళకి మట్టి ఎగదోశాం. ఆ వారాలన్నీ తమ్ముడు పలాస వెళ్ళకుండా మాతోనే ఉన్నారు. తర్వాతే అక్క గోడకి మట్టి తొక్కారు. "హెడ్మాస్టరుగారూ, అడుగు తప్పు!" అని రైతు అరుస్తుంటే ఆయన పడుతూ లేస్తూ గెంతడం చూసి మా తోటంతా పడీ పడీ నవ్వింది. గోడ తిన్నచోట పూడ్చి, చూరుని ఈసారి బారెడు ముందుకి, నడుము ఎత్తుదాకా దించారు. మా ఆయన ఒక్క మాట అనకుండా వాసాలు కోశాడు. అనాలని ఎంత ఉందో నాకు తెలుసు.

కప్పు పని పూర్తయిన రోజే సాయంత్రం పెద్ద వాన పట్టుకుంది. అందరం చూరు కిందకి దూరాం. ఆవిడ లేదు. చూస్తే బయట వానలో వంగి నిలబడి, చూరు నీళ్ళు నేల మీద ఎక్కడ పడుతున్నాయో చూస్తోంది. గోడకి చాలా దూరంగా, గుండ్రంగా, ఒక చిన్న కాలవ దానంతటదే ఏర్పడుతోంది. గోడ మొదలు పొడిగా ఉంది.

"అక్కా, తడిసిపోతన్నావు, లోపలికి రా!" అని తమ్ముడు కేకేశారు.

"తడవాల్సింది నేనురా, గోడ కాదు!" అని అరిచి, ఆ నీటి గీత వెంబడే ఇంటి చుట్టూ గెంతడం మొదలుపెట్టింది. తప్పెటగుళ్ళ అడుగే. తమ్ముడు ఒక్క క్షణం చూరు అంచున తటపటాయించి, చొక్కా చేతులు పైకి మడుచుకుని, వానలోకి దిగి అక్క వెనకాలే అడుగు కలిపారు.